మిరపకాయల మీద మోపిన నేరం

నేను హైస్కూల్లో సంధులూ సమాసాలూ చెప్పుకుని బతికే తెలుగు మాస్టారిని. ఏ మాటని ఎక్కడ విరవాలో, ఎక్కడ అతకాలో నాకు తెలుసని ఊళ్ళో కొందరికి నమ్మకం. నాకైతే ఇంకా గట్టి నమ్మకం. అలాంటి నేను, మా అమ్మాయి కళ్ళు ఎర్రబడితే రెండేళ్ళపాటు మిరపకాయల మీద నేరం మోపాను. అవి కూడా మా సొంత చేలో కాసినవే. పైగా మనసు కుదుటపడక వాటితోనే ఒక పరీక్ష పెట్టాను. ఆ పరీక్షలో అమ్మాయి ప్రాణం మీదికి వచ్చింది. తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. సొంత ఇంట్లో సొంత చేతులతో పొగ పెట్టుకుని మరీ చేసినవాణ్ణి నేనే.

మాది చిలకలూరిపేటకి దగ్గర ఊరు. నల్లరేగడి. వానలకి పత్తి, పక్కనే మిరప. ఉద్యోగం ఉన్నా నాలుగెకరాలు వదలబుద్ధి కాక పాలికి ఇచ్చి, సాయంత్రాలు వెళ్ళి చూసుకునేవాణ్ణి. మాఘమాసం వచ్చేసరికి ఊరి చుట్టూ కళ్ళాల్లో మిరపకాయలు ఎండబోస్తారు. ఆ రోజుల్లో పిల్లలు తుమ్మితే మా ఊళ్ళో ఎవరూ 'చిరంజీవ' అనరు. అనడం మొదలుపెడితే ఇంక వేరే పని చేసుకోలేం. అందరి కళ్ళూ ఎంతోకొంత ఎర్రగానే ఉంటాయి. కళ్ళాల్లో ఎరుపు కళ్ళల్లోకి రావడానికి ఒక్క దీర్ఘమే అడ్డం కదా అని స్టాఫ్‌రూమ్‌లో చమత్కరించేవాణ్ణి కూడా.

అమ్మాయి ఏడాది నిండగానే నడిచింది. అందరికీ చెప్పుకున్నాం. అయితే ఆ నడక ఎంతకీ ముదరలేదు. మూడేళ్ళొచ్చినా గట్టు మీద నడుస్తున్నట్టు, అటు ఒరిగి ఇటు ఒరిగి, చేతులు చాపుకుని నడిచేది. మాటలు వచ్చాయిగాని కొంచెం అణిగి, ఒకదానికొకటి అంటుకుని వచ్చేవి. ముద్దుమాటలు అనుకుని మురిసిపోయాం. అవి ముద్దమాటలని, కొమ్ము మేమే తగిలించుకున్నామని తర్వాత తెలిసింది. ఏదన్నా చూడాలంటే ముందు తల తిప్పేది, ఆ తర్వాత కళ్ళు వచ్చేవి. కోడిపిల్లలా ఉందని నవ్వుకునేవాళ్ళం. నెలకో జలుబు, రెండు నెలలకో దగ్గు, చెవిలో చీము. నాలుగో ఏడు వచ్చేసరికి తెల్లగుడ్డు మీద, కొసల నుంచి నల్లగుడ్డు వైపు, సన్నటి ఎర్రదారాలు పాకాయి.

ఊళ్ళో మందులిచ్చే ఆరెంపీ డాక్టరు చూశాడు. "మిరప ఘాటండీ మాస్టారూ. నా కళ్ళు మాత్రం ఎట్టా ఉన్నాయి, చూడండి" అని రెప్పలు విప్పి చూపించాడు. ఆయన కళ్ళ ఎరుపుకి కారణం ఊరందరికీ తెలుసు; అది చేలో పండేది కాదు. అయినా ఆయన ఇచ్చిన చుక్కలు వేశాం. మిరప కాలం అయిపోయింది, ఎరుపు పోలేదు. అప్పుడైనా బుర్ర వెలగాలి. నేను పత్తికి కొట్టే మందుల్ని అనుమానించాను. పత్తి ఏరడం అయిపోయింది, ఎరుపు పోలేదు. ఈసారి ఇంట్లో బస్తాలో దాచిన కారపు కాయల్ని పట్టుకున్నాను. చేతికి అందిన పంటనల్లా బోనులో నిలబెట్టానుగాని, బిడ్డని మాత్రం సరిగ్గా చూడలేదు.

మా వీధి చివర ఒకావిడ ఉండేది. నాకు పిన్ని వరస. ఊళ్ళో ఏ కబురు పుట్టినా ముందు ఆవిడ చెవిలో స్నానం చేసిగాని వీధిలోకి రాదు. ఆవిడ రోజూ మధ్యాహ్నం కాఫీ వేళకి వచ్చి, అరుగు మీద కూర్చుని అమ్మాయిని చూసి, "అయ్యో పాపం" అనేది. పాప పక్కన ఒక సున్న పెడితే పాపం అవుతుందని నాకు వ్యాకరణంగా తెలుసు. ఆ సున్న మా ఇంటికి రోజూ ఎవరు మోసుకొస్తున్నారో కూడా తెలుసు. అయినా పెద్దావిడ, ఏమంటాం.

"ఏరా అబ్బాయ్, ఇది దిష్టి తప్ప ఇంకోటి కాదు. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వెయ్యి. ఘాటొస్తే ఏం లేనట్టు. ఘాటు రాలేదా, దిష్టి ఉన్నట్టు" అంది ఒకరోజు.

మా ఆవిడకి ఇష్టం లేదు. ఆమె మా మేనమామ కూతురు, నన్ను బావా అనే పిలుస్తుంది. "పిల్లకి అసలే దగ్గు బావా. పొగెందుకు?" అంది.

నేను వినలేదు. దిష్టికి ఎవరైనా తాలుకాయ తీస్తారు, నేను మొదటి కోత కాయలో ఏరి మరీ తెచ్చాను. తాలుకాయలో అసలు ఘాటెక్కడిది, దానితో పరీక్ష పెడితే ఫలితం తప్పొస్తుంది కదా అని నా శాస్త్రీయ దృష్టి. దిష్టి తీయడంలో కూడా దృష్టి ఉండాలని నా పట్టుదల. గుప్పెడు కాయలు మూడుసార్లు తిప్పి కుంపట్లో వేశాను. ఘాటొచ్చింది. వీధి మొత్తానికి వచ్చింది. పిన్ని కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "దిష్టి లేదురోయ్" అని దగ్గుతూ వెళ్ళిపోయింది. అందరి దగ్గూ పావుగంటలో తగ్గింది. అమ్మాయి దగ్గు తగ్గలేదు. మూడో రోజుకి ఒళ్ళు కాలిపోయింది. డొక్కలు ఎగరేస్తూ, పక్షిలా ఊపిరి తీయడం మొదలుపెట్టింది. నోరు విప్పి నాన్నా అనబోయి, సగంలో గాలి చాలక ఆపేసింది. ఆ సగం మాట ఇవాళ్టికీ నా చెవిలో పూర్తి కాలేదు.

గుంటూరు తీసుకెళ్ళాం. న్యుమోనియా అన్నారు. ఆ ఏడాదిలో అది మూడోది. పిల్లల డాక్టరుగారు నెమ్మదస్తుడు. నాలుగో రోజు జ్వరం దిగాక అమ్మాయి కింది రెప్ప వంచి చూస్తూ, "ఈ ఎరుపు ఎన్నాళ్ళనుంచండీ?" అన్నారు.

"మిరప ఘాటండీ. మాకు కళ్ళాలు ఊరి పక్కనే."

"ఇప్పుడు శ్రావణమాసం కదండీ" అన్నారాయన.

తెలుగు మాస్టారిని. నెలలు ఆయన చేత చెప్పించుకున్నాను.

అమ్మాయిని నడిపించి చూశారు. వేలితో ముక్కు ముట్టుకోమన్నారు. వేలు ముక్కు చుట్టూ వణుకుతూ తిరిగి చెంపకి తగిలింది. అమ్మాయి నవ్వింది; ఆయన నవ్వలేదు. "మీ ఇద్దరూ బంధువులా?" అని అడిగారు.

"మేనరికమండీ" అన్నాను, కొంచెం గర్వంగానే. మా వైపు అది పిల్లనివ్వడానికీ పుచ్చుకోవడానికీ పెద్ద అర్హత. బయటి సంబంధం చేసుకున్నవాణ్ణే ఎందుకని అడుగుతారు.

ఆయన హైదరాబాదుకి చీటీ రాసిచ్చారు.

పగటి బస్సులో వెళ్ళాం. మా ఆవిడ ఒళ్ళో ఎనిమిది నెలల మగపిల్లాడు, నా ఒళ్ళో అమ్మాయి. పిల్లాడి సంగతి ఇంతదాకా చెప్పలేదు. అప్పటిదాకా వాడి గురించి చెప్పుకోవాల్సిందేమీ లేదు. పాలు తాగేవాడు, నిద్రపోయేవాడు. భయపడాల్సిన పని లేని ఒకే ఒక్క మనిషి మా ఇంట్లో వాడు.

హైదరాబాదులో పిల్లల నరాల జబ్బులు చూసే డాక్టరమ్మ రక్తం తీయించి, వారం ఉండమని, అన్నీ చూశాక పిలిచింది. కాగితాలు తిరగేస్తూ, "ఎటాక్సియా అండీ" అంది.

"లేదండీ, బస్సులోనే వచ్చాం" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా వంక చూసింది. మా ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ మళ్ళీ నిదానంగా, పూర్తి పేరు చెప్పింది: ఎటాక్సియా టెలాంజియెక్టేసియా. రెండో ముక్కలో నాకు తెలంగాణ వినబడి, ఇదేదో ఈ ప్రాంతపు జబ్బయి ఉంటుంది, మాది గుంటూరు జిల్లా అని చెబితే సరిపోతుంది అనిపించింది. చెప్పలేదు. ఆమె ముఖం చూశాక ఆ మాట మింగేశాను. మాటలతో ఆడుకోవడం నాకు సరదా అనుకుంటారు అందరూ. భయమేస్తే నా బుర్ర మాటల వెనక దాక్కుంటుంది, అంతే.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత ఇది. తల వెనక చిన్నమెదడని ఒకటుంటుంది. నడకనీ, చేతి పట్టునీ, మాటనీ, చూపునీ తూకంలో పెట్టేది అదే. మా అమ్మాయికి అది ఎదగాల్సినట్టు ఎదగడం లేదు, ఉన్నది నెమ్మదిగా తరుగుతోంది. బుద్ధికి లోటు లేదు, అది బాగానే ఉంటుంది. కళ్ళలో ఎర్రదారాలు ఈ జబ్బు గుర్తు. అదిగాక ఒంట్లో రోగాలతో పోరాడే బలగం కూడా తక్కువ పుట్టింది. అందుకే ఆ జలుబులూ న్యుమోనియాలూ. పొగా దుమ్మూ దగ్గరికి రానివ్వద్దు. తప్పనిసరైతే తప్ప ఎక్స్‌రేలు తీయించద్దు, ఈ పిల్లలకి అవి మామూలు వాళ్ళకంటే ఎక్కువ చెరుపు. జలుబు చేస్తే మర్నాటిదాకా ఆగకుండా డాక్టరుకి చూపించండి.

"తగ్గడానికి మందు?" అంది మా ఆవిడ.

"లేదమ్మా" అంది ఆమె. ఆ మాటని ఇటూ అటూ తిప్పలేదు. అందుకు ఆమె మీద నాకు గౌరవం.

పొగ సంగతి అప్పుడు చెప్పేశాను. కుంపటి, గుప్పెడు కాయలు, మొదటి కోత. డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

తర్వాత ఆమె మా వంశవృక్షం గీయడానికి ఒక తెల్లకాగితం తీసుకుంది. నేనూ మా ఆవిడా మేనరికం. నా తల్లి మా నాన్నకి సొంత అక్క కూతురు. అంటే మా అమ్మమ్మే నాకు మేనత్త. ఆ అమ్మమ్మే మా ఆవిడకి నాయనమ్మ. డాక్టరమ్మ ఒక గీత కిందికి గీస్తే అది పక్కకి వెళ్ళి మళ్ళీ పైకి వచ్చింది. రెండుసార్లు చెరిపింది. మూడోసారికి కాగితం మీద చెట్టు రాలేదు, నులకమంచం తయారైంది.

"మీరు తెలుగు మాస్టారు కదా, మీకు ఇలా చెబుతాను" అంది. ప్రతి మనిషి దగ్గరా ఒకే పుస్తకం రెండు ప్రతులు ఉంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. మా వంశంలో ఎవరిదగ్గరో ఒక పుటలో అచ్చుతప్పు పడింది. ఒక ప్రతిలో తప్పున్నా రెండోది సరిగ్గా ఉంటే పని జరిగిపోతుంది, ఏమీ తెలియదు. నాదగ్గర తప్పు ప్రతి ఒకటి, మా ఆవిడ దగ్గర అదే తప్పు ప్రతి ఒకటి. అమ్మాయికి రెండూ తప్పువే వచ్చాయి. అచ్చుగుద్దినట్టు మా అమ్మమ్మ పోలికే అని ఊరంతా అన్నారు దాన్ని. నిజమే. అచ్చు గుద్దారు, తప్పుతో సహా.

"ప్రతి కాన్పుకీ నాలుగింట ఒక వంతు" అని, ఆమె చూపు మా ఆవిడ ఒళ్ళోకి వెళ్ళింది.

పిల్లాడు డాక్టరమ్మ మెడలో గొట్టం కోసం చెయ్యి చాపుతున్నాడు. ఆ చెయ్యి తిన్నగా వెళుతోందా, వణుకుతోందా అని చూశాను. అదే మొదలు.

"వీడికి ఇప్పుడే పరీక్ష చేయచ్చు కదండీ" అన్నాను.

"రక్తంలో మేం చూసే ప్రొటీను ఈ వయసులో పిల్లలందరికీ ఎక్కువే ఉంటుంది. రెండేళ్ళు దాటితేగాని తేడా తెలియదు. అప్పుడు తీసుకురండి. ఈలోగా నడక చూడండి."

తిరుగు బస్సులో సూర్యాపేట దాటాక మా ఆవిడ అంది, "బావా, నాలుగింట ఒకటంటే, ఆ ఒకటి మనకి వచ్చేసింది గదా. ఇంక వీడికి రాదు గదా?"

ప్రతిసారీ పాచిక కొత్తగా పడుతుందని నాకు అర్థమైంది. నలుగురితో పాటు నారాయణా అనడమే తెలిసిన మా ఇంట్లోకి నలుగురిలో ఒకరు అనే లెక్క వచ్చి కూర్చుంది. "రాదు" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. నేను అబద్ధం చెబుతున్నానని ఆమెకి తెలుసని నాకు తెలుసు. చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషిని పెళ్ళి చేసుకుంటే అదొక ఇబ్బంది.

'నడక చూడండి' అంది కదా. చూశాను. పదహారు నెలలపాటు వేరే ఏమీ చూడలేదు. వాడు పదకొండో నెలలో గోడ పట్టుకుని నిలబడితే ఇంట్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దింది. ఏడాది దాటి పది రోజులకి అడుగు వేశాడు. తూలాడు. నడక నేర్చే ప్రతి పిల్లాడూ తూలతాడు. అదే మా ప్రాణసంకటం. జబ్బూ, బాల్యమూ ఒకే నడక నడుస్తాయి కొన్నాళ్ళు. వాడు పడిన ప్రతిసారీ ఏది పడిందో తెలియదు.

పోల్చి చూద్దామని ఊళ్ళో అదే ఈడు పిల్లలున్న ఇళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టాను. ఏదో పని పెట్టుకుని వెళ్ళి, అరుగు మీద కూర్చుని వాళ్ళ పిల్లలు ఎన్నిసార్లు పడుతున్నారో గమనించేవాణ్ణి. మా వాడికంటే ఎక్కువ పడితే సంతోషంగా ఇంటికి వచ్చేవాణ్ణి. ఇది గొప్పగా చెప్పుకునే విషయం కాదు. ఒకరోజు ఒక ఇల్లాలు పిల్లాణ్ణి చప్పున చంకనేసుకుని, "మాస్టారూ, మా వాణ్ణి అట్టా గుచ్చి గుచ్చి చూడమాకండి. దిష్టి తగులుద్ది" అంది. నా చేతులతో దిష్టి తీసిన నేను, చివరికి ఊళ్ళో దిష్టినే అయ్యాను.

పొద్దున్నే ఎండ పడే చోట పిల్లాణ్ణి నిలబెట్టి, రెప్ప వంచి, దారాల కోసం వెతికేవాణ్ణి. వాడు ఏడిస్తే ఎరుపు వచ్చేది. ఎరుపు వస్తే ఏడుపు ఆగేదాకా ఎత్తుకుని, మళ్ళీ రెప్ప వంచేవాణ్ణి. ఒకసారి మా ఆవిడ వచ్చి పిల్లాణ్ణి నా చేతుల్లోంచి లాక్కుంది. "బావా, వాణ్ణి చూడు. వాడి కళ్ళు గాదు, వాడి నడక గాదు. వాణ్ణి."

ఆ మాట నాకు తగిలిందిగాని పనిచెయ్యలేదు.

పిన్ని రోజూ వస్తూనే ఉంది. జబ్బు పేరు పలకడం ఆవిడకి రాలేదు, 'టాక్సీ జబ్బు' అని ఊరంతా చెప్పింది. దానికి ఆవిడని అనే అర్హత నాకు లేదు. ఇప్పుడు ఆవిడ చూపు అమ్మాయి మీంచి పిల్లాడి మీదికి మారింది. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, ఒక కన్ను చికిలించి, "ఏందిరా, వీడూ అట్టాగే ఒరుగుతున్నాడు?" అనేది. మర్నాడు, "నిన్నటికంటే కొంచెం ఎక్కువగా ఉన్నట్టుంది." ఇంకో రోజు, "వాళ్ళక్క కూడా సరిగ్గా ఇట్టాగే మొదలెట్టింది గదా, పాపం." ఆవిడ వెళ్ళాక నేను వాణ్ణి వసారాలో ఈ చివరి నుంచి ఆ చివరికి పదిసార్లు నడిపించేవాణ్ణి. పదకొండోసారి అలిసిపోయి పడేవాడు. ఆ పడిన ఒక్కసారే నాకు రాత్రంతా గుర్తుండేది.

చెక్కతో చేసిన మూడు చక్రాల నడకబండి ఒకటి కొన్నాం వాడికి. వాడు దాన్ని పట్టుకుని తోస్తుంటే, ఆరో ఏడు నడుస్తున్న అమ్మాయి వెనక నుంచి వచ్చి వాడి చేతుల పక్కన తన చేతులు వేసేది. ఇద్దరూ కలిసి వాకిట్లో తోసుకుంటూ తిరిగేవారు. ఇద్దరూ తూలేవారు. ఒకరు నడక నేర్చుకుంటున్నారు, ఒకరికి నడక పోతోంది. బండికి ఆ తేడా తెలియదు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసేది. నేను చూడలేక గొడ్లచావిట్లోకి వెళ్ళేవాణ్ణి.

మధ్యలో అమ్మాయికి మళ్ళీ న్యుమోనియా వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. ఆ మంచం పక్కన కూర్చుని, దాని చెయ్యి పట్టుకుని, నేను ఏం ఆలోచించానో చెప్పాలి. ఇంటి దగ్గర పిల్లాడు ఇవాళ ఎన్నిసార్లు పడ్డాడో అని ఆలోచించాను. అమ్మాయి కళ్ళు తెరిచింది. ముందు తల తిప్పింది, తర్వాత చూపు వచ్చి నా ముఖం మీద ఆగింది. "తమ్ముడి గురించా?" అంది ముద్దమాటల్లో. ఆ రోజు సిగ్గుపడినంతగా నా బతుకులో మళ్ళీ సిగ్గుపడలేదు.

రెండేళ్ళు దాటాయి. హైదరాబాదు తీసుకెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాం. ఫలితం పది రోజుల తర్వాత ఫోన్లో చెబుతామన్నారు. పదో రోజు బడి మధ్యాహ్నం విరామంలో సైకిలేసుకుని చిలకలూరిపేట వెళ్ళాను. మా ఊరి ఎస్టీడీ బూత్‌లో మాట్లాడితే నాకంటే ముందు ఊరికి తెలుస్తుంది. అద్దాల గదిలో చెమటలు కక్కుతూ నెంబరు తిప్పాను. మూడుసార్లు తప్పు నెంబరు.

డాక్టరమ్మ లైన్లోకి వచ్చింది. "ప్రొటీను మామూలుగానే ఉందండీ. రోగాలతో పోరాడే కణాల లెక్కా బాగుంది. ఆ రోజు నడక కూడా చూశాను కదా. మీ బాబుకి ఈ జబ్బు లేదు."

"లేదంటే?"

"లేదండీ."

"అంటే, ఉండే అవకాశం తక్కువనా, లేకపోతే..."

"మాస్టారూ, లేదు అంటే లేదు. తప్పు ప్రతి ఒకటి వాడి దగ్గరా ఉంటే ఉండచ్చు, దానితో వాడికేమీ కాదు. పెద్దయ్యాక మాత్రం మేనరికం చెయ్యకండి."

పదేళ్ళుగా వ్యతిరేకార్థకాలు పాఠం చెబుతున్నాను. 'లేదు' అనే క్రియ ఇంత పెద్దదని ఆ గదిలో తెలిసింది. బయటికి వచ్చి సైకిలు ఎక్కడ పెట్టానో మర్చిపోయి కాసేపు రోడ్డు మీద నిలబడ్డాను.

ఇంటికి వచ్చేసరికి మా ఆవిడ గడప మీద ఉంది. నా ముఖం చూసి, అక్కడే కూర్చుండిపోయింది. "లేదు" అన్నాను. ఆమె కొంగుతో ముఖం కప్పుకుంది. నాకూ అరవాలని, గంతులేయాలని ఉంది. కానీ వసారాలో, గోడకి ఆనుకుని, అమ్మాయి కూర్చుని ఉంది, ఒళ్ళో పలక. దాని ముందు ఎలా సంతోషించాలి? ఒక బిడ్డకి లేదన్న ఆనందంలోనే రెండో బిడ్డకి ఉందన్న మాట ఉంది. ఈ రెండు మాటల మధ్య ఏ సంధీ కుదరదు.

అమ్మాయే అడిగింది. "తమ్ముడికి లేదా నాన్నా?"

"లేదమ్మా."

"మంచిదే. ఇద్దరం పడితే లేపేదెవరు?" అని మళ్ళీ పలక మీద వంగింది.

అమ్మాయి విషయంలో ఏదీ మారలేదు, మారదని తెలుసు. ఆ తర్వాతి ఏడు చక్రాల కుర్చీ వచ్చింది, దగ్గు వచ్చిన ప్రతిసారీ నా గుండె గుంటూరు బస్సెక్కేది, ఇప్పటికీ ఎక్కుతుంది. భయం సగమైందని అనలేను. రెండు చోట్ల చూసే పని తప్పింది, అంతే.

ఫోన్ చేసి వచ్చిన ఆ సాయంత్రం మా ఆవిడ, "వీధిలో చెప్పు బావా. అందరూ అడుగుతున్నారు" అంది. చెప్పాను. ఎదురింటివాళ్ళకి చెప్పాను, పక్కింటివాళ్ళకి చెప్పాను, ఆరెంపీకి చెప్పాను, దిష్టి పెడతానని నన్ను పంపించేసిన ఇల్లాలికి కూడా చెప్పాను. ప్రతి ఇంట్లోనూ చివర ఒక మాట అన్నాను: "మా పిన్నికి మాత్రం చెప్పద్దండీ. నేనే చెబుతాను." ఎవరూ ఎందుకని అడగలేదు. ఒక పెద్దాయన, "మా నోరు కుట్టేసుకున్నామనుకో" అని, తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. ఆవిడ నోట ఆ వీధిలో నలగని ఇల్లు లేదు.

మర్నాడు కాఫీ వేళకి పిన్ని వచ్చింది. పిల్లాడు వాకిట్లో కోడి వెంట పరుగెత్తుతున్నాడు. "హైదరాబాదు కబురేదన్నా వచ్చిందట్రా?"

"రావాలి పిన్నీ."

"చూడు, ఆ ఎడమ కాలు ఎట్టా పడుతుందో."

"నువ్వన్నది నిజమే పిన్నీ. కొంచెం తేడాగా పడుతోంది."

ఎదురరుగు మీద బియ్యం ఏరుతున్న ఇద్దరాడవాళ్ళు చేట ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ మర్నాడూ అంతే. ఆ పై మర్నాడూ అంతే. రోజుకో మనిషి ఏదో పని ఉన్నట్టు మా అరుగు దగ్గరికి వచ్చి, ఆవిడ చెప్పే లక్షణాలు శ్రద్ధగా విని, తల పంకించి వెళ్ళేవారు. ఆవిడ కాఫీలో పంచదార ఎక్కువ వేయమని మా ఆవిడకి నేనే చెప్పేవాణ్ణి.

పన్నెండో రోజు కాఫీ వేళ కాకుండానే వచ్చింది. నిలబడే ఉంది.

"ఏరా, నరసరావుపేటలో మా వియ్యపురాలు ఫోన్ చేసి చెబుతుందిరా నాకు. మీ వీధిలో పిల్లాడికి ఏం లేదంట గదా వదినా అని. పక్క ఊరోళ్ళకి తెలిసి, వీధంతా తెలిసి, నాకు తెలవకపోవడమేందిరా? మనిషిని గాదా నేను?"

అమ్మాయి పలక మీంచి తలెత్తి, తల తిప్పి, చూపు తెచ్చుకుని ఆవిడ ముఖం మీద పెట్టి, పూర్తిగా వినడానికి సిద్ధమై కూర్చుంది.

"నీకు చెప్పలేదా పిన్నీ?" అన్నాను. "ఎంత పొరపాటు జరిగింది. నీకు ఎట్టాగూ ముందే తెలిసి ఉంటుందిలే అనుకున్నా."

ఆవిడ నోరు తెరిచింది. ఏమీ రాలేదు. నా ఎరుకలో అదే మొదటిసారి. ఆ వీధిలో పుట్టిన ఒకే ఒక్క మంచి కబురుని పన్నెండు రోజులు మాగబెట్టి, నాలుగూళ్ళు తిప్పి, ఎంగిలి చేసి ఆవిడ చెవికి అందించాను.